తినని బిస్కట్లు

మా ఆయన గురక మధ్యలో ఆగితే చాలు, నేను ప్రభువుకు స్తోత్రం చెప్పుకునేదాన్ని. అదీ పక్క గదిలో పడుకుని. తొమ్మిదేళ్లపాటు చెప్పుకున్నాను. ఆ ఏడాది శ్రమదినాల్లో మా ఇంట్లో జరిగింది చెప్పాలంటే ముందు ఈ సంగతి ఒప్పుకోవాలి. తర్వాతవన్నీ దీని వెనకే వచ్చాయి.

అది రెండువేల తొమ్మిది. ఫిబ్రవరి ఆఖర్న బూడిద బుధవారంతో నలభై రోజుల ఉపవాస కాలం, మా శ్రమదినాలు, మొదలయ్యాయి. ఈస్టర్ పండుగా ఎలక్షన్లూ ఏప్రిల్లో వారం తేడాతో వచ్చిపడ్డాయి. మా మెట్టుగూడ సందుల్లో పొద్దున్నుంచి మైకుల ఆటోలు తిరుగుతుండేవి. అందరికీ చెవులు చిల్లులు పడుతుంటే మా ఆయన మాత్రం వరండాలో కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే నిద్రపోయేవారు. పేపరు చేతిలోనే ఉండేది. టీ తెచ్చి పెడితే అది తాగేలోపు మళ్లీ కునుకు.

ఆయన పేరు ఆర్థర్. రైల్వే సిగ్నల్ విభాగంలో చేసి రిటైరయ్యారు. అప్పటికి అరవై తొమ్మిదేళ్లు. మనిషి భారీగా ఉంటారు, మెడ పొట్టి. ముప్పై ఆరేళ్లుగా మా చర్చిలో, కాళ్లతో తొక్కే ఆ పాత ఆర్గన్ వాయించేది ఆయనే. నోట్లో నాలుక లేని మనిషి. తాను చెప్పాలనుకున్నవన్నీ ఆ ఆర్గన్ మీదే చెప్పుకునేవారనుకుంటాను. ఇక నా సంగతి. నా పేరు కాంతమణి. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి హెడ్‌మిస్ట్రెస్‌గా దిగిపోయాను. నాకు నోరుంది. ఇద్దరికీ సరిపడా ఉంది.

ఉపవాస కాలం రెండో ఆదివారం మా పాస్టరు అయ్యగారు జ్ఞానశేఖర్‌గారు, ప్రార్థన చేయమంటే చేయకుండా నిద్రపోయిన శిష్యుల మీద ప్రసంగం ఎత్తుకున్నారు. మంచి ప్రసంగమే. "ఒక్క గడియ కూడా మేలుకోలేని మన బలహీనత..." అని ఆయన గొంతు తగ్గించిన సమయానికి, ఆర్గన్ మూల నుంచి గురక వినబడింది. ముందు పిల్లలు నవ్వారు. తర్వాత పెద్దలు దగ్గారు. నేను ఆడవాళ్ల వైపు మూడో వరసలో కూర్చుని కీర్తనల పుస్తకంలో తలదూర్చుకున్నాను. ప్రసంగం అయిపోయింది. ఆర్గన్ మోగాలి, మోగలేదు. ఎవరో వెళ్లి భుజం తట్టారు. ఆయన ఉలిక్కిపడి లేచి, అందరూ కానుకల కీర్తన కోసం చూస్తుంటే ముగింపు కీర్తన ఎత్తుకున్నారు.

చర్చి బయట చెప్పులు వేసుకుంటుంటే అయ్యగారు నా దగ్గరికొచ్చారు.

"వందనాలమ్మగారూ. ఒక మాట. కమిటీలో అనుకుంటున్నారు. గత మూడు నెలల్లో అన్నయ్యగారు అయిదారుసార్లు తప్పారు. చరణాలు వదిలేస్తున్నారు, వాయించిందే మళ్లీ వాయిస్తున్నారు. మన జీవరాజుగారు కీబోర్డు వాయిస్తారు కదా..."

"తీసేస్తారా?" అన్నాను. నాకు సన్నాయి నొక్కులు చేతకావు.

"అయ్యో, అంత మాటెందుకు. ఈస్టర్ దాకా చూద్దాం."

మా ఆయన నా వెనకే నిలబడి ఉన్నారని నేను చూసుకోలేదు. ఇంటికొచ్చాం. గేటు తీస్తూ అన్నారు. "మణీ, ఈస్టర్ దాకా అంటే ఈస్టర్ రోజు కూడా కలుపుకునేనా?"

ఆ మాటకు నా గుండె చెరువైంది. అది దాచుకోవడానికి ఆయన మీద అరిచాను. ఆ ఆర్గన్ తీసేసుకుంటే ఈయనలో మిగిలేది ఏమీ లేదని నాకు తెలుసు. ఎలాగైనా ఈస్టర్‌లోపు ఈయన్ని దారిలో పెట్టాలని ఆ పూటే నిశ్చయించుకున్నాను. అది నా పనే అనుకున్నాను. మొండి పిల్లల్ని ఎందర్ని గట్టెక్కించలేదు, ఈయనో లెక్కా అనుకున్నాను.

మర్నాటి నుంచి మా ఇంట్లో నా టైంటేబులు నడిచింది. నాలుగున్నరకు లేపేయడం. మొహం మీద చన్నీళ్లు. ఇద్దరం మోకాళ్ల మీద గంటసేపు ప్రార్థన. ఆయన తల మంచం పట్టెకు ఆనిందంటే మోచేత్తో ఒక్క పోటు. తర్వాత నడక. మధ్యాహ్నం మూడు దాకా ఉపవాసం. ఆ పైన రెండు జొన్నరొట్టెలు, ఆకుకూర. రాత్రికి మజ్జిగ. షుగర్ మాత్రలు తిండితోనే. ఆయనకు పదకొండేళ్లుగా షుగరుంది. ఉపవాసంతో అదీ దిగుతుంది, ఆత్మా మేలుకుంటుంది, ఒకే దెబ్బకు రెండూ తీరతాయి అని నా లెక్క.

ఆయన ఎదురు చెప్పలేదు. "పొద్దున్నే తలనొప్పిగా ఉంటోంది మణీ" అన్నారొకసారి. "పక్క మీద దొర్లితే తలనొప్పి రాక ఏమొస్తుంది" అన్నాను.

మార్చి మూడో వారంలో ఏ.ఎస్. రావు నగర్‌లో మా షుగర్ డాక్టరు మధుసూదన్‌గారి దగ్గరికి తీసుకెళ్లాను. మెడల్ తీసుకోబోయే పిల్లాడి తల్లిలా వెళ్లాను. ఆయన కాగితాలు చూసి కళ్లజోడు తీశారు.

"జనవరిలో మూడు నెలల సగటు ఏడున్నర. ఇప్పుడు ఎనిమిది పాయింట్ ఎనిమిది. పరగడుపున నూట తొంభై. బరువు చూస్తే అరకిలో కూడా తగ్గలేదు. ఏం తింటున్నారు సార్?"

"రెండు రొట్టెలండీ" అన్నారు మా ఆయన.

"ఇంకా?"

"అంతే."

డాక్టరుగారు నా వైపు తిరిగి నవ్వారు. "అందరూ ఇదే చెప్తారమ్మా. షుగర్ మాత్రం అబద్ధం చెప్పదు. ఈ వయసులో నాలుక చిన్నపిల్లల నాలుకే. దాచిపెట్టి తింటారు. మీరే కనిపెట్టుకోవాలి."

నేను లెక్కల మనిషిని. ఇటు తీసేస్తే అటు తగ్గాలి. తగ్గలేదంటే మనకు కనబడకుండా ఎవరో మధ్యలో ఏదో కలుపుతున్నారు. ఇందులో అనుమానానికి చోటేముంది? ఆ రోజు తిరుగు బస్సులో ఆయన నా భుజం మీద తల వాల్చి నిద్రపోతుంటే, జరిగి కూర్చున్నాను. తల కిటికీ ఊచకు కొట్టుకుంది. ఆయన లేచి, తప్పు చేసినవాడిలా సర్దుకుని కూర్చున్నారు. దొంగతనం బయటపడ్డ మొహం ఇలాగే ఉంటుంది అనుకున్నాను.

అప్పట్నుంచి ఇల్లంతా వెతికాను. బెల్లం డబ్బా అటక మీదికెక్కింది. ఫ్రిజ్‌కు తాళం పడింది. ఆయన చొక్కా జేబులు వాసన చూశాను. సిగ్గుపడుతూ చెప్పడం లేదు, జరిగింది కాబట్టి చెప్తున్నాను.

మా ఇంట్లో పనిచేసే పుష్పమ్మ అడ్డగుట్ట నుంచి వస్తుంది. పది పదిహేనేళ్లుగా మనిషి మాకు అలవాటు. ఒక మధ్యాహ్నం నేను దొడ్లో బట్టలు ఆరేస్తుంటే చీపురు పట్టుకునే వచ్చింది.

"అమ్మా, ఓ మాట చెప్తా, కోపం చెయ్యకుండ్రి. సార్ కుర్చీల పంటడు గద, గుర్క వెట్టుకుంట వెట్టుకుంట మధ్యల దమ్మే ఆగుతున్నది. నేను ఊడుసుకుంట రెండు మూడు సార్లు చూసిన. పెదాలు సుత నల్లగైతున్నయ్. మల్ల ఒక్కసారి ఎగిరిపడి దమ్ము తీస్కుంటడు. నాకైతే భయమైతున్నది."

"గురక అన్నాక ఆగకుండా ఉంటుందా పుష్పమ్మా? ఆగకుండా కొడితే మన గతేం కావాలి?"

"గట్ల గాదమ్మా. జెర మీరే వచ్చి చూడుండ్రి. మా మామకు గిట్లనే అయితుండె. ఆయన..."

"కుళాయి కట్టేశావా? నీళ్లు పోతున్నట్టున్నాయి చూడు" అన్నాను.

ఆమె కాసేపు నా మొహంలోకి చూసి వెళ్లిపోయింది. నేను చూడ్డానికి వెళ్లలేదు. పది అడుగుల దూరం. వరండాలోకి వెళ్లి ఒక్క నిమిషం నిలబడి ఉంటే చాలు. క్లిప్పులు అయిపోయేదాకా బట్టలు ఆరేశాను.

ఈస్టర్‌కు ముందొచ్చే మట్టల ఆదివారం ఇంకో వారం ఉందనగా, పొద్దున నడకకు వెళ్లిన మనిషి గంటన్నరకు గానీ రావడం లేదని గమనించాను. రైల్వే డిగ్రీ కాలేజీ దాకా వెళ్లొచ్చేది గట్టిగా రెండు కిలోమీటర్లు. మర్నాడు ఆయన వెనకే బయల్దేరాను. కొంగు తల మీద కప్పుకుని, కరెంటు స్తంభాల చాటున నడిచాను. అరవై మూడేళ్ల మాజీ హెడ్‌మిస్ట్రెస్‌ను, మొగుడి వెనక దొంగలా.

ఆయన రైల్వే డిగ్రీ కాలేజీ దాకా కూడా పోలేదు. సందు చివర మూలమీద ఇరానీ హోటల్ ఉంది. నేరుగా అందులోకి వెళ్లి గోడవార కుర్చీలో కూలబడ్డారు. నేను రోడ్డవతల పాల బూత్ దగ్గర నిలబడ్డాను. సర్వరు వచ్చి కప్పూ సాసరూ పెట్టాడు. దాని పక్కనే ఒక ప్లేటు. ప్లేటు నిండా ఉస్మానియా బిస్కట్లు.

అంతే, నాకు చాలింది. మధ్యలో బస్సొచ్చి ఆగింది. అది కదిలేదాకా నేను ఆగలేదు. కళ్లారా చూశాక ఇంకా చూడ్డానికి ఏముంటుంది? ఇంటికొచ్చి కూర్చున్నాను. బాధ కాదు, నిజం చెప్పాలంటే నాకు ఒకరకంగా హాయిగా అనిపించింది. నా లెక్క తప్పలేదు.

ఆయన రాగానే అడిగాను. "ఎక్కడిదాకా వెళ్లారు?"

"కాలేజీ దాకా."

"మధ్యలో ఎక్కడా ఆగలేదా?"

ఆయన చెమట తుడుచుకున్నారు. "కాళ్లు పీకుతుంటే కాస్త కూర్చున్నాను. హోటల్లో."

"ఏం తిన్నారు?"

"ఏమీ తినలేదు మణీ."

"అబద్ధం."

"తినలేదు. ప్రభువు సాక్షి."

"ఆయన్ని మధ్యలోకి తేకండి! నా కళ్లతో చూశాను. మీ ముందు ప్లేటు. ప్లేటు నిండా బిస్కట్లు. శ్రమదినాల్లో, ఉపవాసంలో, మోకాళ్ల మీంచి లేచి నేరుగా అక్కడికి! ఆ షుగర్ ఎందుకు పెరగదు? ఆ మత్తు ఎందుకు దిగుతుంది? రేపు చర్చిలో వాళ్లు ఆర్గన్ తీసేసుకుంటే ఎవర్ని అనాలి?"

ఆయన కుర్చీ చేతిని పట్టుకున్నారు. నన్ను కాదు, ఎదురుగా ఉన్న గోడను చూస్తున్నారు. ఏదో గుర్తు తెచ్చుకోవడానికి తంటాలు పడుతున్నట్టున్నారు. పక్కింటి వాళ్ల కుక్కర్ కూత వేసింది.

"నువ్వు చూశావా?" అన్నారు.

"చూశాను."

"నువ్వు చూశావంటే... తిని ఉంటాను."

వెళ్లి రొట్టెల పిండి కలుపుకున్నాను.

మా సంఘంలో గురువారం గురువారం ఒక్కొక్కరింట్లో ప్రార్థన కూడిక జరుగుతుంది. శ్రమదినాల్లో కూడిక అంటే ఒకరి తప్పులు ఒకరి ఎదుట ఒప్పుకోవడం మాకు ఆనవాయితీ. పెద్ద తప్పులు ఎవరూ చెప్పరు. అత్తమీద విసుక్కున్నాననీ, వాక్యం చదవడం మానేశాననీ, అలాంటివి. చెప్పినవాళ్ల కోసం అందరూ ప్రార్థన చేస్తారు. తర్వాత టీ. ఆ వారం రోసమ్మగారింట్లో పెట్టారు. పాతిక మందిదాకా వచ్చారు. జీవరాజుగారు కూడా ఉన్నారు.

"ఎవరి హృదయంలోనైనా భారముంటే..." అన్నారు అయ్యగారు.

నేను మా ఆయన వైపు చూశాను. చూశానంతే. పరీక్షలో కాపీ కొట్టిన పిల్లాడిని ఎలా చూస్తానో అలా. అది ఎన్నేళ్ల చూపు! క్లాసు మొత్తంలో తప్పు చేసినవాడు వాడంతట వాడే లేచి నిలబడేవాడు.

ఆయన లేచి నిలబడ్డారు.

"నేను ఉపవాసం ఉంటున్నానని చెప్పి హోటల్లో బిస్కట్లు తింటున్నాను. చక్కెర వేసిన టీ తాగుతున్నాను. మా ఆవిడకు అబద్ధం చెప్పాను. ప్రభువును సాక్షిగా పెట్టి చెప్పాను. ప్రసంగంలో నిద్రపోతున్నాను. అదంతా నా సోమరితనమే. మీరందరూ నా కోసం ప్రార్థన చేయండి."

ఎవరో ఆడమనిషి ముక్కు చీదింది. జీవరాజుగారు తల దించుకున్నారు. అయ్యగారు ఆయన తల మీద చేయి పెట్టి చక్కగా ప్రార్థన చేశారు. నా కళ్లనుంచి నీళ్లు కారాయి. పశ్చాత్తాపపడే భర్త దొరికినందుకు కృతజ్ఞతతో ఏడ్చాను. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత ఒళ్లెరగకుండా నిద్రపోయాను.

శుభ శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా మా చర్చిలో ఆరాధన. సిలువ మీది ఏడు మాటలకు ఏడుగురు ప్రసంగాలు చేస్తారు. మాట మాటకూ మధ్య కీర్తన. బయట ఎండ నిప్పులు కురుస్తోంది. లోపల ఫ్యాన్లు తిరుగుతున్నా తెల్లచీరలు ఒంటికి అంటుకుపోతున్నాయి. నాలుగు మాటల దాకా ఆయన ఎక్కడా తప్పలేదు. ఈస్టర్‌కు ఇంక ఒక్క శనివారమే అడ్డం. గట్టెక్కాం అనుకున్నాను.

అయిదో మాట తర్వాత కీర్తనకు నాలుగు చరణాలు. నాలుగూ అయ్యాయి. సంఘం ఆగింది. ఆయన ఆగలేదు. పల్లవి మళ్లీ ఎత్తుకున్నారు. చరణం మిగిలి ఉందేమోనని కొందరు అందుకున్నారు. అదీ అయింది. మళ్లీ ఎత్తుకున్నారు. ఈసారి ఎవరూ అందుకోలేదు. అందరూ నిలబడే ఉన్నారు. ఆర్గన్ ఒక్కటే మోగుతోంది. ఒక్క స్వరం కూడా తప్పు లేదు. ఎప్పట్లాగే నిదానంగా, ముద్దుగా వాయిస్తున్నారు. కళ్లు సగం తెరిచే ఉన్నాయి. కానీ ఆయన అక్కడ లేరు. నాలుగోసారి, అయిదోసారి. అయ్యగారు వేదిక మీద నుంచి నా వైపు చూశారు.

నేను వరసలోంచి బయటికొచ్చి, అందరూ చూస్తుండగా నడిచి వెళ్లి, ఆయన రెండు చేతులూ ఆర్గన్ మెట్ల మీద నుంచి ఎత్తి పట్టుకున్నాను. కాళ్లు ఇంకా తొక్కుతూనే ఉన్నాయి. ఆయన తలెత్తి చూశారు.

"అయిపోయిందా?" అన్నారు.

"అయిపోయింది" అన్నాను.

ఈస్టర్‌కు జీవరాజుగారు వాయించారు. మేం వెళ్లలేదు.

ఆ తర్వాత వారం ఒకరోజు మధ్యాహ్నం ఆయన కుర్చీలో నిద్రపోతుంటే వెళ్లి ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానో నాకే తెలియదు. గురక మొదలైంది, పెరిగింది, ఆగింది. అలవాటు కొద్దీ స్తోత్రం నోటిదాకా వచ్చింది. ఛాతీ లేస్తోంది, పడుతోంది, గాలి మాత్రం లేదు. గొంతు దగ్గర ఎవరో పట్టుకుని నొక్కుతున్నట్టు మెడ నరాలు ఉబ్బాయి. గోడ గడియారంలో ముల్లు చూశాను. ముప్పై ఎనిమిది సెకన్లు. అప్పుడు ఒక్క ఉదుటున ఎగిరిపడి గాలి పీల్చారు. నిమిషం తిరక్కుండా మళ్లీ ఆగింది. వంటింటి గుమ్మంలో పుష్పమ్మ నిలబడి ఉంది. నేను చెప్తే విన్నారా అని అనలేదామె. అని ఉంటే బాగుండేది.

సికింద్రాబాద్‌లో ఒక పెద్దాసుపత్రిలో ఊపిరితిత్తుల డాక్టరమ్మ ఒక రాత్రి ఆయన ఒంటినిండా వైర్లు తగిలించి పడుకోబెట్టారు. తలకు స్కాన్ కూడా తీయించారు. పొద్దున నన్ను పిలిచారు. మా స్కూల్లో చదువుకున్న పిల్ల వయసు ఉంటుంది.

"గంటకు నలభై ఏడుసార్లు ఊపిరి ఆగుతోందమ్మా. నిద్రలో గొంతు మూసుకుపోతోంది. ఆగినప్పుడల్లా ప్రాణం మీదికొచ్చిందని ఒళ్లు బెదిరిపోతుంది. పారిపోవడానికి శక్తి కావాలని రక్తంలోకి చక్కెర వదులుతుంది. ఒళ్లు ఇన్సులిన్ మాట వినదు. రాత్రంతా ఇదే. అందుకే ఆయన షుగర్ దిగట్లేదు."

"తినకపోయినా పెరుగుతుందా?"

"తినకపోయినా పెరుగుతుంది."

నేను ఆమె టేబుల్ మీది పెన్‌స్టాండ్‌ను చూస్తూ కూర్చున్నాను.

"ఇంకోటేంటంటే, ఆయన నిద్రపోతున్నారని మీరు అనుకుంటున్నారు. నిద్రే లేదు. ప్రతి నిమిషం మెలకువే. అందుకే పగలు కూర్చుంటే కునుకు, ధ్యాస నిలవదు, చేస్తున్న పని మధ్యలో జారిపోతుంది. ఉపవాసాలు, నాలుగింటికి లేపడం లాంటివి ఏమైనా చేశారా?"

"చేశాను."

ఆమె స్కాన్ ఫిల్ము వెలుతురుకు పెట్టి చూపించింది. మెదడులో చిన్న చిన్న మచ్చలు. రక్తం అందక తగిలిన చిల్లర దెబ్బలు, ఎప్పుడెప్పుడు తగిలాయో ఆయనకే తెలియదట. "నిద్రలో గొంతులోకి గాలి పంపే మాస్కు మిషన్ పెట్టుకుంటే షుగర్ కొంత దారికొస్తుంది, మత్తు తగ్గుతుంది. జ్ఞాపకం, ధ్యాస మాత్రం ఎంత తిరిగొస్తాయో నేను మాటివ్వలేనమ్మా. కొన్నేళ్ల ముందు వచ్చి ఉంటే..." అని ఆగిపోయింది.

ఇంటికొచ్చాక కాగితం మీద లెక్క వేశాను. గంటకు నలభై ఏడు. రాత్రికి ఎనిమిది గంటలు. మూడొందల అరవై అయిదు రోజులు. తొమ్మిదేళ్లు. పన్నెండు లక్షల ముప్పై అయిదు వేల నూట అరవై. ఆయన ఊపిరి ఆగిన ఇన్నిసార్లలో నేను ఎన్నిసార్లు దేవుడికి కృతజ్ఞతలు చెప్పానో ఆ లెక్క మాత్రం తేలలేదు.

మర్నాడు పొద్దున ఇరానీ హోటల్‌కు వెళ్లాను. జీవితంలో మొదటిసారి అందులో అడుగుపెట్టాను. మాలాంటి ఆడవాళ్లెవరూ వెళ్లరు అక్కడికి. ఆ సర్వరే ఉన్నాడు, గడ్డం నెరిసిన మనిషి. మా ఆయన ఆనవాలు చెప్పాను.

"ఎర్కేనమ్మా. బుడ్డా సాబ్, గా పెద్దాయన గద. రోజ్ వస్తుండె. చాయ్ చెప్తడు, గని తాగడు. గోడకు ఆనుకొని పంటడు. ఆధా గంట, ముప్పావు గంట. పరేషాన్ చెయ్యొద్దని మేం సుత లేపకపోతుంటిమి. లేచినంక పైసలిచ్చి పోతడు."

"బిస్కట్లు తినేవారు కదా?"

"లే. ఎన్నడు ముట్టలే."

"నేను చూశాను. ప్లేటు నిండా పెట్టారు మీరు."

అతను నా వైపు వింతగా చూశాడు. చేత్తో హోటలంతా చూపించాడు. ప్రతి టేబుల్ మీదా ఒక ప్లేటు ఉంది. ప్రతి ప్లేటు నిండా బిస్కట్లు ఉన్నాయి. "గవి అందరికి పెడ్తమమ్మా, అడగకున్నా. తిన్నయి లెక్కజూసి బిల్ రాస్తం. ఇరానీ హోటల్ల అంతటా గిట్లనే. తెల్వదా మీకు?"

నలభై ఏళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నాను. నాకు తెలియదు.

మే నెలలో మిషన్ వచ్చింది. ఆయన చెప్పినమాట విని రోజూ మాస్కు పెట్టుకుంటున్నారు. నేను నా పక్క మళ్లీ ఆయన గదిలోకి మార్చుకున్నాను. పగటి కునుకు తగ్గింది. షుగర్ కూడా కాస్త దిగింది. మధుసూదన్‌గారు "చూశారా, బిస్కట్లు మానేస్తే ఎంత తేడానో" అన్నారు. అసలు సంగతి చెప్పాను. ఆయన అవునా అని రాసుకున్నారు. ఆర్గన్ దగ్గరికి ఒకరోజు తీసుకెళ్లి కూర్చోబెట్టాను. మెట్ల మీద చేతులు పెట్టి, ఏ కీర్తన మొదలుపెట్టాలో తోచక నా మొహంలోకి చూశారు.

ఒకటి మాత్రం నా చేతిలో ఉందనుకున్నాను. నేను మోపిన నింద నేనే దించాలి. ఇంట్లో పదిసార్లు చెప్పాను. "మీరు తినలేదండీ. సర్వరు చెప్పాడు. జబ్బువల్ల పెరిగింది. నేనే పొరబడ్డాను." ఆయన చిన్నగా నవ్వి, "పోనీలే మణీ, అయిపోయిందిగా" అనేవారు. అర్థమైందనుకునేదాన్ని.

జూన్లో తొలకరి పడిన గురువారం కూడిక మా ఇంట్లో పెట్టించాను. కావాలనే పెట్టించాను. వచ్చినవాళ్లు గొడుగులు వరండాలో ఆరబెట్టి లోపల కూర్చున్నారు. పాటలయ్యాక నేను లేచి నిలబడ్డాను. పదిమంది ఎదుట మాట్లాడటం నాకు కొత్తకాదు.

"ఈయన ఆ రోజు మీ ఎదుట ఒప్పుకున్న తప్పు ఈయన చెయ్యలేదు. ఒక్క బిస్కట్టూ తినలేదు. సోమరితనం కాదు, జబ్బు. నేను దూరం నుంచి చూసి, తెలియక నింద వేశాను. నా నోటికి భయపడి ఒప్పుకున్నారు. తప్పు నాది. మీ అందరి ముందూ చెప్తున్నాను, మా ఆయన అబద్ధమాడే మనిషి కాదు."

రోసమ్మగారు కళ్లొత్తుకున్నారు. గుండెల మీంచి బండ దిగినట్టయింది నాకు. అప్పుడు ఆయన కుర్చీ పట్టుకుని మెల్లగా లేచారు.

"కాంతమణి నా మీద ప్రేమకొద్దీ చెప్తోంది" అన్నారు. ఎంత నెమ్మదిగా, ఎంత దయగా అన్నారో. "మీరు ఆమెను ఏమీ అనుకోవద్దు. నా పరువు కోసం ఇంట్లో కూడా ఇదే చెప్తోంది. ఆ బిస్కట్లు నేను తిన్నాను. నాకు బాగా గుర్తుంది. కాస్త ఉప్పగా, కాస్త తియ్యగా ఉండేవి. టీలో ముంచుకుని తినేవాణ్ని."

"ఏవండీ..." అన్నాను.

"ఫర్వాలేదు మణీ. నన్ను ప్రభువు క్షమించాడు. నిన్నూ క్షమిస్తాడు."

ఎవరూ నా వైపు చూడలేదు. అందరూ ఆయన్నే చూస్తున్నారు, ఎంతో మెచ్చుకోలుగా. ఆయన అవస్థపడుతూ మోకాళ్ల మీదికి దిగి, నా చేయి పట్టుకుని, భర్తను కాపాడుకోవడానికి నేనాడిన అబద్ధాన్ని మన్నించమని ప్రార్థన చేశారు. ఒక్క మాట తడబడలేదు. చాలా నెలల తర్వాత ఆయన మొదలుపెట్టినదాన్ని చక్కగా ముగించారు.

అందరూ ఆమెన్ అన్నారు. ఆయన కళ్లు తెరిచి, నేను ఇంకా అనలేదని నా కోసం ఆగారు. అప్పుడు నేనూ అన్నాను.